ఉప పోస్టుమాస్టరు గారి సబ్ ఊఫరు

జనార్ధనరావుకి జన్మలో గిట్టని మాట ఒకటే. సబ్.

ముప్పై నాలుగేళ్ల పోస్టాఫీసు ఉద్యోగంలో చివరి పదకొండేళ్లు నాచారంలో సబ్ పోస్టుమాస్టరుగా చేసి, ఆ కుర్చీలోంచే దండ వేయించుకుని దిగిపోయాడు. నిజానికి ఆ ఆఫీసుకి ఆయనే పెద్ద. ఆయన పైన ఇంకెవరూ లేరు, వెంటిలేటర్లో కాపురం పెట్టిన పావురాలు తప్ప. అయినా తలుపు పక్కన బోర్డు మీద 'ఉప పోస్టుమాస్టరు' అని రాసి ఉండేది. పెళ్లిళ్లలో ఎవరైనా బంధువు "మా బావగారు సబ్ పోస్టుమాస్టరండీ" అని పరిచయం చేస్తే, అవతలివాడు "ఓహో, సబ్బా" అనేవాడు. ఆ దీర్ఘం దగ్గర జనార్ధనరావుకి భోజనం సహించేది కాదు.

మనిషి పొడుగు, మాట పొట్టి. టెలిగ్రాములో మాటకింత అని రుసుము కనక ఆ అలవాటు నోటికి కూడా వచ్చేసిందని తోటివాళ్లు ఆటపట్టించేవాళ్లు. జీతాల రోజు సాయంత్రం నాచారం ఫ్యాక్టరీల నుంచి శ్రీకాకుళం వాళ్లూ, బీహారు వాళ్లూ మనియార్డరు ఫారాలు రాయించుకోవడానికి వరసకట్టేవారు. ఎవరి ఫారమైనా విసుక్కోకుండా రాసిపెట్టేవాడు. కాని అడుగున కబురు రాసే చోట, వాళ్లు ఎంత ఏడ్చి చెప్పినా, "క్షేమం. డబ్బు పంపాను. జాగ్రత్త" అని మూడు ముక్కలే పడేవి. ఆ మూడింటిలోనే అంతా ఉందని ఆయన నమ్మకం. భార్య కామాక్షి నమ్మకం వేరు.

కామాక్షి మేడిపల్లిలో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు పంతులమ్మ. పెళ్లికి ముందు రేపల్లెలో పదేళ్లు వీణ నేర్చుకుంది. డెబ్భై తొమ్మిదిలో రేడియోలో ఇరవై నిమిషాల కచేరీ ఇచ్చింది. అదే మొదటిది, అదే చివరిదీను. తర్వాత పిలుపు వచ్చినా వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదన్నదే ఈ సంసారంలో పదిహేడేళ్లు నానిన సంగతి.

అప్పుడు వాళ్లు ఉప్పల్లో సుశీలమ్మగారింట్లో ఒక వాటాలో అద్దెకుండేవారు. కచేరీ ఉదయం ఎనిమిదింబావుకి, నేరుగా స్టేషన్ నుంచే ప్రసారం. జనార్ధనరావు సెలవు పెట్టాడు. పరిశోధనశాలలో పనిచేసే తెలిసినాయన దగ్గర కేసెట్ రికార్డరు అరువు తెచ్చాడు. రేడియోలోంచి దాంట్లోకి వైరు కలిపే తెలివి అప్పుడు ఎవరికీ లేదు. టేకు బల్ల మీద రేడియో, దాని ముందు రికార్డరు, దాని ముందు తాను. మూడేళ్ల కూతురు శారదని సుశీలమ్మగారికి అప్పగించి, తలుపు గొళ్లెం పెట్టి, టిక్కుటిక్కుమనే గడియారాన్ని వంటింట్లో బియ్యం డబ్బాలో పెట్టి మూతేశాడు. ఇరవై నిమిషాలూ ఊపిరి బిగబట్టి, బొమ్మలా కదలకుండా కూర్చున్నానని తర్వాత చాలామందికి చెప్పుకున్నాడు.

పదకొండింటికి కామాక్షి బస్సు దిగి వచ్చింది. జడలో పూలు ఇంకా వాడలేదు. గడప దాటకుండానే, "ఎలా ఉంది?" అంది.

"చాలా స్పష్టంగా వచ్చింది. ఒక్కచోట కూడా గరగర లేదు," అన్నాడు జనార్ధనరావు, ఎంతో గర్వంగా.

కామాక్షి లోపలికి వెళ్లి చీర మార్చుకుంది. అంతే. గొడవ పడలేదు, ఏడవలేదు. ఆ సాయంత్రం ఆయన కేసెట్ పెట్టబోతే వంటింట్లోకి వెళ్లి పోపు వేసింది. పోపు చిటపటల్లో వీణ ఏం వినబడుతుంది? ఆ తర్వాత ఎప్పుడు పెట్టినా వంటింట్లో ఏదో ఒక పని తగిలేది. వీణ మాత్రం ఆయన ఆఫీసులో ఉన్నప్పుడే వాయించేది. కొన్నాళ్లకి అదీ మానేసింది. ఒక్కసారి, ఎన్నో ఏళ్ల తర్వాత, వేరే ఏదో మాటలో అనేసింది: "మీరు ఆ రోజు టేపులో పట్టడానికి కూర్చున్నారు, వినడానికి కాదు." తాను విన్నాడు. విన్నట్టు రుజువు ఏం చూపిస్తాడు? రిజిస్టరు ఉత్తరమైతే అందినట్టు సంతకం పెట్టిన చీటీ తిరిగి వస్తుంది.

తొంభై ఆరు ఆగస్టులో ఒక ఆదివారం కామాక్షి వీణ మీది దుమ్ము దులుపుతూ, "విజయదశమికి దీన్ని సత్యవేణికి ఇచ్చేస్తున్నాను," అంది. సత్యవేణి వాళ్ల స్కూల్లో కొత్తగా చేరిన చిన్న టీచరు. ఉత్సాహంగా వీణ నేర్చుకుంటోంది, సొంత వీణ లేదు. "వినేవాళ్లు లేని ఇంట్లో ఉంచితే బొద్దింకలకి సత్రమవుతుంది. ఆ పిల్ల దగ్గరైతే మోగుతుంది."

ఎంత మామూలుగా అందంటే, పాత స్టీలు గిన్నె ఇచ్చేస్తున్నట్టే అంది. జనార్ధనరావుకి మాత్రం భయం వేసింది. ఆ వీణ వెళ్లిపోతే పట్టడానికే కూర్చున్నాడన్న ఆ మాట ఇక ఎప్పటికీ అలాగే నిలబడిపోతుంది. వద్దనడానికి తనకి హక్కు ఉందా అంటే, అదీ లేదు. ఆలోచించి ఆలోచించి ఆయన ఒక నిర్ణయానికి వచ్చాడు. దసరాలోగా ఒక్కసారి, ఒకే ఒక్కసారి, కామాక్షి ఆ కేసెట్ పూర్తిగా వినాలి. ఎంత బాగా వాయించిందో తనకే తెలిస్తే వీణ ఇవ్వదు.

వినిపించడం ఎక్కడ? ఇంట్లో వంటిల్లు ఉంది. కారులో వంటిల్లు లేదు.

కారంటే ఎనభై నాలుగు మోడల్ పద్మిని. రిటైరైనప్పుడు హబ్సిగూడలో ఒకాయన దగ్గర కొన్నాడు. రోజూ పొద్దున నాచారం నుంచి ఉప్పల్ మీదుగా, బోడుప్పల్ దాటి మేడిపల్లి దాకా భార్యని దింపిరావడం రిటైరైన ఆయనకి ఉన్న ఒకే ఒక్క డ్యూటీ. దానికి ఒక్కరోజు ఆలస్యం కాలేదు. కారులో పాత టేపు, ముందు అరచేయంత స్పీకర్లు రెండు ఉండేవి. ఒక సోమవారం ధైర్యం చేసి కేసెట్ తోశాడు.

కామాక్షి రెండు నిమిషాలు ఓపిక పట్టింది. తర్వాత వేలితో టేపు నొక్కి ఆపేసింది.

"ఇందులో నా వీణ ఏదండీ? మంద్రం లేదు. కింది తీగలు ఒక్కటీ పలకడం లేదు. ఇది వీణ కాదు, దోమ."

జనార్ధనరావుకి ఇందులో ఒక ఆశ కనిపించింది. వినను అనలేదు. మంద్రం లేదు అంది. మంద్రం తెస్తే సరి.

ఉప్పల్ చౌరస్తాకి కాస్త ఇవతల, రామంతాపూర్ పోయే రోడ్డులో పాండురంగ దుకాణం ఉండేది. సీటు కవర్లు, హారన్లు, లారీల ముందు కట్టే నల్ల జడలు, టేపులు, స్పీకర్లు అన్నీ అక్కడే. వరంగల్ టాక్సీలవాళ్లు వచ్చి, డిక్కీ మూత అదిరేలా బాస్ పెట్టించుకుని పోయేవారు. పాండురంగ చేతిలో పని ఉంది, నోట్లో ఓపిక ఉంది. కొనేవాళ్లతో ఎన్నడూ వాదం పెట్టుకోడు.

"ఏం గావాలె సార్?"

"మంద్రం కావాలి."

పాండురంగ అరల వంక ఓసారి చూశాడు. "గదేం కంపెనీ సార్?"

"కంపెనీ కాదయ్యా. స్వరం. అడుగు స్వరం. వీణలో లావు తీగ మీటితే వచ్చేది."

"గట్ల జెప్పుండ్రి. బాస్. సబ్ ఊఫర్ పెట్టుకోండ్రి సార్, మస్తు కొడ్తది."

జనార్ధనరావు ముఖం ముడుచుకుంది. "సబ్ వద్దు."

"ఎందుకు సార్? గదే కదా బాస్ ఇచ్చేది."

"సబ్బులూ గిబ్బులూ వద్దు. అసలుదే పెట్టు. ఊఫర్ ఉంటుంది కదా, అసలు ఊఫర్. అది."

ఎవడైనా ఈ మాట విని నవ్వుతాడు. పాండురంగ నవ్వలేదు. వెనక అద్దం కింద పలక మీద కోడిగుడ్డు ఆకారంలో రెండు పెద్ద స్పీకర్లు బిగించి, "గివి ఊఫర్లే సార్," అని పంపేశాడు. సబ్ రిజిస్ట్రారు కన్నా రిజిస్ట్రారు పెద్ద, సబ్ ఇన్స్పెక్టరు కన్నా ఇన్స్పెక్టరు పెద్ద అయినప్పుడు, సబ్ ఊఫరు కన్నా ఊఫరు పెద్దది కాకుండా ఎలా పోతుంది? ముప్పై నాలుగేళ్లు సర్కారు కుర్చీలో కూర్చున్న మనిషికి ఇంకోలా తోచదు.

మర్నాడు హబ్సిగూడ చేరేలోపే కామాక్షి తేల్చేసింది. "గొంతు పెరిగింది. ఇంతకు ముందు ఒక్క దోమ, ఇప్పుడు వంద. మంద్రం మాత్రం రాలేదు." టేపు నొక్కి ఆపి, స్కూలు సంచీలోంచి కాంపోజిషన్ నోటు పుస్తకాలు తీసి దిద్దుకోవడం మొదలుపెట్టింది. ఇంతకీ ఈ స్పీకర్లు ఎందుకు పెట్టిస్తున్నారని అడగను కూడా అడగలేదు. రిటైరైన మగవాళ్లకి ఏదో ఒక పిచ్చి పడుతుందని ఆమెకి తెలుసు.

ఆ సాయంత్రం ఆమె వసారాలో కూర్చుని ఇంకా ఆ పుస్తకాలే దిద్దుతుంటే జనార్ధనరావు అటూ ఇటూ తిరిగి, చివరికి అడిగాడు.

"కామాక్షీ, సబ్ అంటే ఏమిటి?"

"ఉప." తల ఎత్తలేదు.

"అంటే చిన్నదనేగా."

"ఎవరు చెప్పారు? ఉప అంటే దగ్గర. ఉపనిషత్తు అంటే గురువుగారి దగ్గర కూర్చోవడం. ఉపవాసం అంటే దేవుడికి దగ్గరగా ఉండడం. చిన్నది అనే అర్థం కూడా ఉందనుకోండి, దాన్ని మీ ఆఫీసులవాళ్లు పట్టుకుని వదల్లేదు."

"ఇంగ్లీషులో?"

"ఇంగ్లీషులో కింద అని. కింద ఉన్నంత మాత్రాన తక్కువదా ఏం? మంద్రానికి కింద అనుమంద్రం ఉంది. వీణలో అన్నిటికన్నా లావు తీగ అదే. అక్కడ వేలు నిలబడితేనే వీణ వచ్చినట్టు." కలం ఆపి ఆయన వంక చూసింది. "ఇప్పుడు ఇదంతా దేనికి?"

"ఊరికే," అన్నాడు జనార్ధనరావు.

పోస్టాఫీసు గోడ మీది ఆ బోర్డు ఇప్పుడు వేరేవాళ్లది. ఆయనకి దాని మీద కోపం పోయింది. యాభై తొమ్మిదో ఏట ఒక మాట మీద కోపం పోవడం చిన్న సంగతి కాదు. కాస్త ముందే అడిగి ఉంటే ఎన్ని పెళ్లి భోజనాలు సహించి ఉండేవో అని కూడా అనిపించింది.

మర్నాడు పాండురంగ ఆయన్ని చూడగానే స్టూలు జరిపాడు. "నాకెర్కనే సార్, మీరు మల్ల వస్తరని."

"సబ్ ఊఫరే కావాలి. అంటే ఉప ఊఫరు."

"ఉప్పల్ ఊఫరా?"

"ఉప్పల్ కాదయ్యా, ఉప. సబ్ అంటే ఉప."

"మా దిక్కు సబ్ అంటే అన్ని సార్. సబ్ కుఛ్. అన్ని ఊఫర్ల పని గదొక్కటే జేస్తది, గందుకే గా పేరు పెట్టిన్రు." పాండురంగ ఈ సంగతి ఎంత నమ్మకంగా చెప్పాడంటే, జనార్ధనరావు ఉపనిషత్తు దాకా వెళ్లదలచుకోలేదు.

పాండురంగ మూడు రకాలు ముందు పెట్టాడు. ఒకటి తూములా గుండ్రంగా ఉన్న బాస్ ట్యూబు. రెండోది పన్నెండంగుళాల స్పీకరున్న పెద్ద చెక్కపెట్టె. మూడోది ఎనిమిదంగుళాల చిన్న స్పీకరు, దానికింకా డబ్బా కూడా లేదు, పేరూ లేదు. పెద్దది డిక్కీలో పెడదామా అంటే, పద్మినిలో డిక్కీకీ సీటుకీ మధ్య ఇనప రేకు అడ్డం, బాసంతా సామాన్లకే వినిపిస్తుందని పాండురంగే చెప్పాడు. లోపల పెట్టాలి, ముందు సీటు వెనక కాళ్లు పెట్టుకునే చోట. జనార్ధనరావు ఆ చోటు ముందే కొలుచుకుని వచ్చాడు: పదకొండంగుళాలు. పైగా కామాక్షి కంట పడకూడదు, పడితే వినక ముందే వెక్కిరింత మొదలవుతుంది. పెద్ద పెట్టె ఆ లెక్కలోనే పోయింది.

మిగిలినవి రెండు. పాండురంగ రెండింటికీ ఒక డాన్సు పాట పెట్టాడు. రెండూ దుకాణం రేకులు అదరగొట్టాయి. జనార్ధనరావు చెవులకి తేడా తెలియలేదు. అప్పుడాయన సంచీలోంచి స్ప్రింగు కాటా తీశాడు. పాత పేపర్లు కొనేవాడు తూకంలో మోసం చేస్తున్నాడని కొనుక్కున్నది. పార్సిల్ లోపల ఏముందో తెలియనప్పుడు తూచడం తప్ప ఆయనకి ఇంకో దారి తెలియదు. ట్యూబులోంచి స్పీకరు ఊడదీయించి, కొక్కేనికి తగిలించి తూచాడు. తర్వాత పేరులేనిది తూచాడు. విదేశీ స్టిక్కరు మెరుస్తున్న ట్యూబు స్పీకరు కన్నా పేరులేనిది దాదాపు రెట్టింపు బరువు తూగింది.

పాండురంగ తల గోక్కున్నాడు. "అంత దెల్సినట్టే తూస్తున్నరు గద సార్. ఊఫర్ల అసలు సరుకు మ్యాగ్నెటే. ఎంత పెద్ద మ్యాగ్నెట్ అయితే అంత పట్టి గుంజుతది. ట్యూబుల పెద్ద నోరు, చిన్న మ్యాగ్నెట్."

"మరి ముందే చెప్పలేదేం?"

"స్టిక్కర్ ఉన్నదే అడుగుతరు సార్ అందరు. గిది సస్తా మాలని ముట్టరు."

మూడింటిలో తక్కువ ధర దానిదే. ఒక చిన్న ఆంప్లిఫయరు కలిపినా ట్యూబు ఖరీదు దాటలేదు. పదకొండంగుళాల్లో పట్టేలా ప్లైవుడ్ డబ్బా చేయిస్తానన్నాడు పాండురంగ. ఒక జాగ్రత్త కూడా చెప్పాడు: "డబ్బాలకెల్లి గాలి బయటికి పోవద్దు సార్. అంత సందు ఉన్నా బాస్ అండ్లకెల్లే పోతది."

గాలి పోకుండా మూయడమా! సీలు వేయడం గురించి నాచారంలో జనార్ధనరావుకి ఎవరూ చెప్పనక్కర్లేదు. డబ్బా తయారయ్యాక ఇంటికి తీసుకుపోయి, కామాక్షి స్కూల్లో ఉండగా, కొవ్వొత్తి వెలిగించి అతుకులన్నిటికీ లోపలి వైపు ఎర్రని పోస్టాఫీసు లక్క కరిగించి పోశాడు. ఇన్సూరు పార్సిల్ కూడా అంత భద్రంగా ఉండదు. స్పీకరు బిగించుకుని నాగోల్ వైపు ఒక చుట్టు తిరిగి, డోలు సన్నాయి కేసెట్ పెట్టి విన్నాడు. కామాక్షి కేసెట్ పెట్టలేదు. అది మొదట ఆమే వినాలి.

డోలు బాగా పలికింది. మూడో నిమిషంలో డబ్బాలోంచి గలగలమని చప్పుడు. విప్పి చూస్తే లక్కంతా పెచ్చులూడి అడుగున ఎర్రగా రాలి ఉంది.

ఈసారి పాండురంగ నవ్వేశాడు. "లక్క పార్సిల్కి సార్. పార్సిల్ కదలకుంట కూసుంటది. గిది దునుకుతది." రంపపు పొట్టు ఫెవికాల్లో కలిపి అతుకులకి మెత్తాడు. "రెండు దినాలు ఆరనియ్యుండ్రి. జర ఓపిక పట్టుండ్రి, ఏం ఫికర్ లేదు."

రెండు రోజులు ఆరేసరికి దసరా సెలవుల ముందు స్కూలు చివరి రోజు వచ్చింది. ఆ తెల్లవారుజామున జనార్ధనరావు డబ్బా బిగించి పైన పాత దుప్పటి కప్పాడు. ఆ పూటే సత్యవేణి వీణ కోసం ఎప్పుడు రావాలో అడుగుతానంది. అంటే మేడిపల్లి స్కూలు గేటు దాకా ఉన్న దూరమే ఆయన చేతిలో ఉన్నది.

నాచారం మలుపు తిరగగానే కేసెట్ తోశాడు. కామాక్షి విసుగ్గా చెయ్యి ఎత్తింది. టేపు దాకా పోయిన ఆ చెయ్యి ఆగింది.

కాంభోజి. ఆలాపన పై తీగల్లోంచి మెల్లగా దిగుతోంది. దిగి, దిగి, లావు తీగ మీదికి వచ్చింది. సీటు వెనక నుంచి ఆ స్వరం వచ్చింది, వెన్నులోంచి వచ్చినట్టు. కామాక్షి చెయ్యి ఒళ్లోకి దిగింది. ఆయన ఆమె వైపు చూడలేదు, చూస్తే ఏమవుతుందో అని. ఉప్పల్ చౌరస్తాలో సిగ్నలు పడింది. పక్కన లారీ పొగ వదులుతోంది. కామాక్షి అద్దం ఎత్తేసింది.

"ఇది నాదే," అంది.

బోడుప్పల్ చేరేసరికి ఆలాపన అయింది. మృదంగం కలిసి, కీర్తన మొదలైంది. జనార్ధనరావుకి ఒంట్లో ఇంత తేలిక చాలా ఏళ్లుగా తెలియదు. సరిగ్గా అప్పుడే డబ్బాలోంచి దభ్ మంది. కాసేపటికి మళ్లీ, దభ్.

"ఆ చప్పుడేమిటి?" అంది కామాక్షి.

అతుకు విచ్చుకుందనుకున్నాడు జనార్ధనరావు. ఇటుకల లారీలు ఆగే చోట కారు పక్కకి తీసి, దిగి, వెనక తలుపు తెరిచి, దుప్పటి లాగి డబ్బా నాలుగు వైపులా నొక్కి చూశాడు. గట్టిగానే ఉంది. కామాక్షి వెనక్కి తిరిగి డబ్బాని చూసింది, ఆయన్ని చూసింది. వెక్కిరించలేదు.

"మళ్లీ పెట్టండి," అంది.

కేసెట్ వెనక్కి తిప్పి పెట్టాడు. దభ్. అదే చోట. "పాండురంగని ఇవాళే అడుగుతాను, మార్చమంటాను," అని జనార్ధనరావు సంజాయిషీ చెప్పుకుంటున్నాడు. కామాక్షి ఉండమన్నట్టు చెయ్యి చూపించి కళ్లు మూసుకుంది. ఆమె వేళ్లు ఒళ్లో ఒక్కొక్కటే మడుచుకున్నాయి. చిటికెనవేలు, ఉంగరంవేలు, నడిమివేలు. దభ్, దభ్.

"ఇది ఊఫరు కాదు. ఆదితాళం," అంది. "మృదంగం కూడా కాదు. చెక్క మీద అరచెయ్యి. ఆ రోజు ఇంట్లో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. శారదని కూడా సుశీలమ్మగారి దగ్గరే పెట్టాను. నేనొక్కణ్ణే. నేను కదల్లేదు కామాక్షీ. ఒట్టు. బొమ్మలా కూర్చున్నాను," అన్నాడు, నేరం మోపినట్టు.

కామాక్షి కారు పోనిమ్మని సైగ చేసింది. మేడిపల్లి దాకా టేపు మోగుతూనే ఉంది. వీణ, మృదంగం, వాటి అడుగున ఆ అరచెయ్యి. ఒక్క దెబ్బ అటూ ఇటూ కాలేదు. తాళం గీళం నాకు తెలియదని పెళ్లిచూపుల్లో చెప్పుకున్న మనిషి చెయ్యి అది. బల్ల మీద రికార్డరు ఉండబట్టి ఆ దెబ్బలు టేపులోకి ఎక్కాయి. ఇన్నేళ్లూ ఏ చిన్న స్పీకరూ వాటిని పలికించలేకపోయింది.

స్కూలు గేటు ముందు కారు ఆగింది. ఇంజను ఆపేశాడు. కీర్తన చరణంలో ఉంది. కామాక్షి దిగలేదు. రెండు చేతులూ సీటు అంచుని పట్టుకున్నాయి.

"ఇక్కడ," అంది.

వీణ లావు తీగ మీదికి దిగింది. దిగిన చోట, ఒక్కసారి, స్వరం లేదు. మృదంగం చకచకా ఆ ఖాళీని కప్పేసి ముందుకు పోయింది. అరచెయ్యి చప్పుడు మాత్రం ఆగిపోయింది. ఒకటి, రెండు, మూడు దెబ్బలు పడాల్సిన చోట ఏమీ లేదు. తర్వాత వీణ మళ్లీ అందుకుంది. దభ్ మని, దానితోపాటే, అరచెయ్యి.

కామాక్షి టేపు ఆపింది.

"అనుమంద్రంలో వేలు జారింది," అంది. "మృదంగం ఆయన కప్పేశాడు. స్టేషన్లో ఎవరూ కనిపెట్టలేదు, ఇంటికొచ్చి మిమ్మల్ని అడిగితే గరగర లేదన్నారు. పదిహేడేళ్లు ఈ చోటు వినాల్సొస్తుందనే వంటింట్లోకి పారిపోయాను." ఆయన వైపు తిరిగింది. "మృదంగం ఆగలేదు. తాళం ఆగకూడదు. మీరెందుకు ఆగారు?"

జనార్ధనరావుకి ప్రశ్న సరిగా అర్థం కాలేదు. జారడమేమిటో, కప్పడమేమిటో ఆయనకి ఇప్పటికీ తెలియదు. తెలిసినంతవరకే చెప్పాడు.

"నువ్వు ఆగావు కదా."

స్కూల్లో బెల్లు కొట్టారు. సత్యవేణి గేటు దాటి పరిగెత్తుకుంటూ వచ్చి, కామాక్షి వైపు అద్దం మీద తట్టింది. కామాక్షి అద్దం దించింది.

"అక్కా, బెల్లయింది. పండుగకు ఏ దినం రమ్మంటరు? మా తమ్ముని ఆటో తీసుకొస్త, వీణకు దెబ్బ తగలకుంట."

"ఏమీ అనుకోకు సత్యవేణీ. ఆ వీణ ఇవ్వలేను. నీకు ఇంకోటి నేనే వెతికిపెడతాను," అంది కామాక్షి. "హెడ్మిస్ట్రెస్ గారికి చెప్పు, ఇవాళ మొదటి పీరియడు నేను రాలేనని." అద్దం ఎత్తి, కేసెట్ మొదటికి తిప్పమంది.